ఫార్మాట్ చేయించే ముందు: మొరాయించే విండోస్ కంప్యూటర్‌ను ఇంట్లోనే పరీక్షించుకోవడం ఎలా?

కంప్యూటర్ నెమ్మదించినా, నీలం తెర పడినా, ఉన్నట్టుండి ఆగిపోయినా మన ఊళ్ళలో వినిపించే సలహా ఒక్కటే: ఫార్మాట్ కొట్టించండి. మా నాన్నగారు ఉద్యోగ విరమణ తరువాత నాలుగేళ్ళపాటు ఓపికగా టైపు చేసుకున్న ఊరి జ్ఞాపకాలు ఆ సలహాకే బలయ్యాయి. మరమ్మతు దుకాణంలో “డి డ్రైవ్ ముట్టుకోము, అందులో ఉన్నవన్నీ భద్రం” అన్నారు. ఆయన ఫైళ్ళన్నీ డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. డెస్క్‌టాప్ అంటే సి డ్రైవ్‌లోని ఒక ఫోల్డరేనని ఆయనకు తెలియదు. అడిగి చూడాలన్న ఆలోచన నాకూ రాలేదు. పోనీ కంప్యూటరైనా బాగుపడిందా అంటే, రెండు వారాలు తిరగకముందే మళ్ళీ ఈడ్చుకుంటూ నడిచింది. చెడిపోయింది హార్డ్ డిస్క్. విండోస్‌కు ఏమీ కాలేదు.

ఆ తరువాత ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా ఒక వరుస తప్పకుండా పాటిస్తున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. విండోస్ 10కీ, 11కీ ఇది పనికివస్తుంది. మెనూల పేర్లు రెండింటిలో తేడాగా ఉన్నచోట చెబుతాను. ఒక సెలవురోజు మధ్యాహ్నం దీనికి కేటాయించండి.

ముందు ఫైళ్ళు, తరువాతే మరమ్మతు

కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే, ఏ పరీక్షా మొదలుపెట్టకముందే ఫైళ్ళను బయటి డిస్కుకో పెన్‌డ్రైవ్‌కో కాపీ చేయండి. సి డ్రైవ్ తెరిచి, అందులో యూజర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళితే మీ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ సాధారణంగా దాని కడుపులోనే ఉంటాయి. ఆ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసుకోవడం అన్నిటికన్నా సులువు.

అక్కడితో ఆగకండి. దుకాణదారులైతే టాలీ లెక్కల బ్యాకప్‌ను టాలీలోనే తీసుకుని బయట పెట్టుకోండి. డీటీపీ పనిచేసేవారు, అనూ ఫాంట్లతో పుస్తకాలు, కరపత్రాలు కూర్చేవారు సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలున్న ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోవాలి. ఫార్మాట్ అయ్యాక ఫైలు దక్కినా ఫాంటు లేకపోతే అది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గజిబిజిగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ నాటి పెళ్ళిపత్రికల నమూనాలు అలా చదవడానికి వీల్లేకుండా పోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంకొక్క పని ఉంది, చాలామంది దీన్ని మరచిపోతారు. సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకు గడిలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని గానీ బిట్‌లాకర్ అని గానీ వెతకండి. అది ఆన్‌లో ఉంటే మీ డిస్కుకు తాళం పడి ఉన్నట్టే. మామూలు రోజుల్లో ఆ తాళం తనంతట తాను తెరుచుకుంటుంది కాబట్టి ఉన్నట్టే తెలియదు. మరమ్మతు మెనూలోకి వెళ్ళిన రోజున మాత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఎంతటి నిపుణుడైనా ఆ ఫైళ్ళను తెరవలేడు. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఈ తాళం మనల్ని అడగకుండానే పడుతుంది. ఫోనులో అదే ఖాతాలోకి వెళ్ళి, డివైసెస్ కింద బిట్‌లాకర్ కీ చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ కాగితం ఫొటోను అదే కంప్యూటర్‌లో దాచుకోవడం మాత్రం వద్దు.

షట్ డౌన్ చేసినా పూర్తిగా ఆరదు

“రోజూ ఆఫ్ చేసే పెడుతున్నాను” అని అందరూ చెబుతారు. వాళ్ళ మాట నిజమే, కానీ 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్ డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన గుండెకాయ లాంటి కెర్నల్‌ను, పరికరాలను నడిపించే డ్రైవర్లను ఉన్నస్థితిలోనే డిస్కు మీద రాసిపెట్టుకుని, మళ్ళీ ఆన్ చేయగానే అక్కడినుంచే లేస్తుంది. నిన్నటి చిక్కు కూడా దానితో పాటే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. కాబట్టి మొదట చేయవలసింది రీస్టార్ట్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద అప్ టైమ్ అని ఉంటుంది. రోజూ ఆఫ్ చేస్తున్న కంప్యూటర్‌లోనూ అక్కడ ఇరవై, ముప్పై రోజులు కనిపించడం నాకు మామూలైపోయింది.

ప్రింటర్ పలకకపోవడం, శబ్దం రాకపోవడం, వైఫై కనిపించకపోవడం వంటివి చాలావరకు ఈ ఒక్క రీస్టార్ట్‌తో తీరిపోతాయి.

టాస్క్ మేనేజర్‌ను తీరికగా చదవడం

రీస్టార్ట్ చేశాక పది నిమిషాలు ఏమీ తెరవకుండా ఆగండి. వారానికి ఒక్కసారి ఆన్ చేసే కంప్యూటర్ ఆ మొదటి గంటలో వారం పాటు పేరుకున్న అప్‌డేట్లను, వైరస్ తనిఖీని ఒకేసారి మీద వేసుకుంటుంది. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్, విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ అనే పేర్లు పైన కనిపిస్తే అవి తమ పని తాము చేసుకుంటున్నాయి, బలవంతంగా ఆపకండి. రాత్రంతా ఆన్‌లో వదిలేస్తే తెల్లారేసరికి కుదుటపడిన కంప్యూటర్లు ఎన్నో.

తరువాత పర్ఫార్మెన్స్ పేజీలో మూడు గీతలు చూడండి: సీపీయూ, మెమరీ, డిస్క్.

డిస్క్ గీత ఏ పనీ లేకుండానే 100 శాతం దగ్గర అంటుకుపోయి, దాని పేరు పక్కన హెచ్‌డీడీ అని ఉంటే మీ సమస్య దొరికినట్టే. ల్యాప్‌టాప్‌లలో వాడే మామూలు హార్డ్ డిస్క్ పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90 సార్లు. కావలసిన ముక్క సూది కిందికి వచ్చేదాకా, సూది ఆ వరుసకు చేరేదాకా ఎదురుచూడాలి. అందుకే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను సెకనుకు సుమారు వందకు మించి అది అందించలేదు. ఇప్పటి విండోస్ ఒకేసారి వేలకొద్దీ చిన్న ముక్కలు అడుగుతుంది. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ వాటిని వేలల్లో అందిస్తుంది. ఈ కొరతను ఫార్మాట్ తీర్చలేదు. ఎనిమిదేళ్ళ నాటి ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేస్తే దాని యజమాని నమ్మలేనంత తేడా వస్తుంది. నా అనుభవంలో ఖర్చుకు తగిన ఫలితం ఇంతగా ఇచ్చే మరమ్మతు మరొకటి లేదు. వేయించేటప్పుడు “క్లోన్ చేసి ఇవ్వండి” అని స్పష్టంగా అడగండి. పాత డిస్కులో ఉన్నదంతా, ప్రోగ్రాములు, ఫాంట్లు, సెట్టింగులతో సహా, ఉన్నది ఉన్నట్టుగా కొత్తదానిలోకి వస్తుంది.

మెమరీ 85 శాతం దాటి ఉంటే, మొత్తం 4 జీబీ మాత్రమే ఉంటే, ర్యామ్ పెంచాలి. అదే పేజీలో స్లాట్స్ యూజ్‌డ్ అనే వరుస చూడండి. రెండింటిలో ఒకటి అని ఉంటే ఇంకొక ముక్క పెట్టడానికి చోటుంది.

సీపీయూ పేజీలో బేస్ స్పీడ్ ఒకటి, ఇప్పటి స్పీడ్ ఒకటి ఉంటాయి. బరువైన పని చేస్తున్నప్పుడు కూడా ఇప్పటి స్పీడ్ 1 గిగాహెర్ట్జ్ కిందనే ఆగిపోయిందంటే వేడిని గానీ ఛార్జర్‌ను గానీ అనుమానించండి. మే నెలలో, ఫ్యాను రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోయిన ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడితే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. శుభ్రం చేయిస్తే చాలు.

డిస్కుకు నాడి చూడటం

మిగతావన్నీ వదిలేసినా ఈ పరీక్ష మాత్రం వదలకండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామును దాని సొంత సైటు నుంచే దించుకుని తెరవండి. హార్డ్ డిస్కులు, ఎస్‌ఎస్‌డీలు తమ ఆరోగ్యాన్ని తామే లెక్కగట్టి పెట్టుకుంటాయి. ఈ ప్రోగ్రాము ఆ లెక్కను చదివి నీలం రంగులో గుడ్ అనో, పసుపులో కాషన్ అనో, ఎరుపులో బ్యాడ్ అనో చూపిస్తుంది. హార్డ్ డిస్కులో చూడవలసిన వరుసలు ముఖ్యంగా రెండు. రీఅలొకేటెడ్ సెక్టార్స్ అంటే ఇప్పటికే చెడిపోయి పక్కన పెట్టిన గళ్ళు. కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అంటే చదవడానికి మొరాయిస్తూ ఏ సంగతీ తేలని గళ్ళు. రెండో దానిలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా నేను ఆ డిస్కును నమ్మను.

పసుపు గానీ ఎరుపు గానీ కనిపిస్తే, ఫైళ్ళ కాపీ ఇంకా తీసుకోకపోతే, మిగతా పనులన్నీ ఆపి అదే మొదలుపెట్టండి. అన్నిటికన్నా విలువైనవాటిని ముందు కాపీ చేయండి. చెక్‌డిస్క్, డీఫ్రాగ్ లాంటివి నడపవద్దు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును అవి గంటల తరబడి అటూ ఇటూ పరుగెత్తిస్తాయి. టకటకమని చప్పుడు వస్తుంటే కంప్యూటర్ ఆపేసి, డేటా రికవరీ తెలిసినవారి దగ్గరకే తీసుకువెళ్ళండి.

చెత్త తీసేయడం

ఇది త్వరగా అయిపోయే పని. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ పేజీ ఉంటుంది, విండోస్ 11లో స్టార్టప్ యాప్స్ అంటారు. ఆన్ చేయగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల పట్టిక అది. తెలిసినవాటిలో అవసరం లేనివాటి మీద కుడి క్లిక్ చేసి డిజేబుల్ చేయండి. దీనివల్ల ఏ ప్రోగ్రామూ తొలగిపోదు, పిలిచినప్పుడే వస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది.

సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంటే సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ వరుసలో వెళ్ళండి. అక్కడ జాగ్రత్త: ఆ పట్టికలో డౌన్‌లోడ్స్ అనే పేరు కూడా ఉంటుంది. దాని పక్కన టిక్ ఉంటే తీసేయండి. లేకపోతే చెత్తతో పాటు పిల్లల హాల్‌టికెట్లు, భూమి పత్రాల పీడీఎఫ్‌లు కూడా పోతాయి.

ఏ రోజున చెడిందో కనుక్కోవడం

“మొన్నటిదాకా బాగానే ఉంది” అనే మాట చాలా విలువైనది. ఆ మొన్న ఏ తేదీయో విండోస్ రాసిపెట్టుకుంటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని ఇంగ్లిష్‌లో వెతికితే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. తెరిస్తే 1 నుంచి 10 వరకు కొలిచే ఒక గీత, దాని కింద రోజువారీ గళ్ళు. ఎర్ర గుర్తు పడిన రోజు మీద నొక్కితే ఆ రోజు ఏ ప్రోగ్రాము కూలిందో, ఏ డ్రైవర్ వచ్చిందో, ఏ అప్‌డేట్ ఎక్కిందో కనిపిస్తుంది. ఇంత ఉపయోగపడే పేజీని ఇంత లోపల దాచిపెట్టడం నాకు ఎప్పటికీ బాధగానే ఉంటుంది. ఎర్ర గుర్తులు మొదలవడానికి ముందురోజున కొత్తగా ఏమి వచ్చిందో చూసి, ముందు దాన్నే తీసేయండి.

కరెంటు తరచూ పోయే చోట మరో ఆనవాలు దొరుకుతుంది: విండోస్ వజ్ నాట్ ప్రాపర్లీ షట్ డౌన్ అనే వరుసలు. అవి చాలా ఉంటే ముందు యూపీఎస్ బ్యాటరీ మార్చండి. రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన సిస్టమ్ ఫైళ్ళు మిగులుతాయి.

విండోస్ ఫైళ్ళకు మరమ్మతు

డిస్కు ఆరోగ్యంగా ఉందని తేలాకే ఇక్కడికి రండి. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, దాని మీద కుడి క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్ల తెర వస్తుంది. అందులో రెండు ఆదేశాలు ఇవ్వాలి. ఇంగ్లిష్ అక్షరాల్లోనే, చిన్నవైనా పెద్దవైనా ఫరవాలేదు.

మొదటిది: డి, ఐ, ఎస్, ఎం అక్షరాలు, ఖాళీ, స్లాష్ వెంటనే ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ వెంటనే క్లీనప్, హైఫన్, ఇమేజ్, ఖాళీ, స్లాష్ వెంటనే రిస్టోర్‌హెల్త్ అని రెండు మాటలూ కలిపి. స్లాష్ అంటే ప్రశ్నార్థకం గుర్తుతో పాటు ఒకే మీట మీద ఉండే గీత. ఎంటర్ నొక్కితే ఇంటర్నెట్ నుంచి మంచి ఫైళ్ళు తెచ్చుకుని విండోస్ తన సిస్టమ్ ఫైళ్ళ కాపీలు దాచుకునే గోదామును సరిచేసుకుంటుంది. 62 శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టు కనిపించవచ్చు, కదపకండి.

అది పూర్తయ్యాక రెండోది: ఎస్, ఎఫ్, సి, ఖాళీ, స్లాష్ వెంటనే స్కాన్‌నౌ కలిపి. ఇది గోదాములోని మంచి కాపీలను పాడైన ఫైళ్ళ స్థానంలో పెడుతుంది. అందుకే వరుస ముఖ్యం. గోదామే పాడై ఉంటే రెండోదానికి తెచ్చి పెట్టడానికి మంచి కాపీ ఉండదు. చివర్లో ఏ దోషమూ దొరకలేదనో, దొరికినవాటిని సరిచేశాననో, కొన్నిటిని సరిచేయలేకపోయాననో చెబుతుంది. మూడో జవాబు వస్తే రీస్టార్ట్ చేసి రెండు ఆదేశాలూ మరోసారి ఇవ్వండి.

అసలు తెరుచుకోకపోతే

2024 జూలై 19న ప్రపంచమంతటా నీలం తెరలు పడ్డాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ కంప్యూటర్లను బాగుచేయడానికి అంతటా చెప్పిన పద్ధతి ఏమిటి? తప్పనిసరి ఫైళ్ళు, డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, ఒక ఫోల్డర్‌లో ఉన్న ఒక ఫైలును తీసేసి, రీస్టార్ట్ చేయడం. ఫైళ్ళు, ప్రోగ్రాములు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. బిట్‌లాకర్ కీ దగ్గర లేనివాళ్ళకే పని ఎక్కువైంది. నీలం తెర చూసి అంతా పోయిందని బెంబేలెత్తినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

మీ కంప్యూటర్ తెరుచుకోకపోతే ముందు ప్రింటర్, పెన్‌డ్రైవ్ లాంటివన్నీ పీకేసి ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ మీటను పది సెకన్లు అదిమిపట్టి ఆపండి. ఇలా రెండుసార్లు చేస్తే మూడోసారి మరమ్మతు మెనూ తనంతట తాను వస్తుంది. పని ఉన్నప్పుడు మాత్రమే చేయవలసిన పని ఇది, అలవాటు చేసుకోకూడదు. లాగిన్ తెరదాకా వస్తుంటే షిఫ్ట్ మీట అదిమిపట్టి రీస్టార్ట్ నొక్కినా అదే మెనూ వస్తుంది.

అందులో ట్రబుల్‌షూట్, ఆ తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. నేను ఈ వరుసలో వెళతాను: ముందు స్టార్టప్ రిపేర్. అది చేతులెత్తేస్తే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్‌ను తొలగించడం. ఆ తరువాత సిస్టమ్ రిస్టోర్, పాత తేదీ ఏదైనా దొరికితే. చివరగా స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ నొక్కి, వచ్చే పట్టికలో 4 నొక్కి సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌లో కంప్యూటర్ చక్కగా నడిచిందంటే దోషం చాలావరకు ఏదో డ్రైవర్‌దో, తరువాత ఎక్కించిన ప్రోగ్రాముదో. కొత్తగా వేసినదాన్ని అక్కడినుంచే తీసేయండి.

అయినా తప్పదనుకుంటే

ఫార్మాట్‌కు ముందు ఇంకా ఒక మెట్టు ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ పేజీలో ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్ అని ఉంటుంది. ఫైళ్ళు, ప్రోగ్రాములు, సెట్టింగులు కదల్చకుండా విండోస్‌ను మాత్రమే తిరిగి వేస్తుంది. విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, విండోస్ నడుస్తుండగానే అందులోని సెటప్ తెరిచి, ఫైళ్ళు, యాప్‌లు రెండూ ఉంచమని ఎంచుకుంటే అదే ఫలితం. రీసెట్ దిస్ పీసీలో కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే ఫైళ్ళు ఉంటాయి గానీ ప్రోగ్రాములు పోతాయి.

దుకాణంలోనే చేయిస్తే దొంగ కాపీ వేయనివ్వకండి. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లలో విండోస్ 8 కాలం నుంచి లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. ముందున్న ఎడిషన్‌నే, హోమ్ అయితే హోమ్‌నే, తిరిగి వేస్తే ఇంటర్నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. తాళం పగలగొట్టే యాక్టివేటర్లతో వైరస్ కూడా దిగుతుంది. విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ముగిశాయి. కాబట్టి ఎలాగూ తిరిగి వేయిస్తున్నప్పుడు, కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉంటే విండోస్ 11నే వేయించండి.

తెలుగును తిరిగి తెచ్చుకోవడం

కొత్తగా వేసిన విండోస్‌లో తెలుగు కనిపిస్తుంది, నిర్మల యూఐ అనే ఫాంటు దానితోనే వస్తుంది. కానీ ఎక్స్‌పీ కాలం నుంచి మనం రాసుకున్న ఉత్తరాలు, పాఠాలు గౌతమి ఫాంటులో ఉంటాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండింటినీ విడిగా తెచ్చుకోవాలి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కు వెళ్ళి తెలుగు భాషను చేర్చండి, సాధారణంగా వాటితో పాటే వస్తాయి. రాకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వెతికి ఇన్‌స్టాల్ చేయండి. అదే చోట తెలుగు భాష మీద ఆప్షన్స్ నొక్కితే కీబోర్డులు కనిపిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ తెలిసినవారికి అది ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో పడాలనుకునేవారికి ఫొనెటిక్ ఉంది, 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే భాగంగా ఇస్తున్నారు. విండోస్ మీటతో పాటు స్పేస్ మీట నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి.

అనూ వాడేవారు దాచుకున్న ఫాంట్లలో తమవాటిని ఎంచి, కుడి క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ నొక్కాలి. టైపు చేయడానికి అనూ స్క్రిప్ట్ మేనేజర్‌ను మళ్ళీ వేసుకోవాలి. ఆ తరువాత పాత ఫైళ్ళలో వేర్వేరు సంవత్సరాలవి మూడు నాలుగు తెరిచి, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వాటి చోట అవి ఉన్నాయో లేదో పేజీ చివరిదాకా చూడండి. అంతవరకూ బయటి డిస్కులోని కాపీని చెరపకండి.